రణమంటే యుద్ధమా, పుండా?

2023 మార్చి 13, సోమవారం. ప్రార్థన గంట కొట్టి అందరూ వరసల్లో నిలబడ్డారు గానీ ఎనిమిదో తరగతి పిల్లల కాళ్లు నిలవడం లేదు. మా కాళ్లూ నిలవడం లేదని ఒప్పుకోవాలి. స్టాఫ్ రూములో ఎవరి ఫోన్‌లోనో వార్త అప్పుడే వచ్చింది. ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చింది. ప్రధానోపాధ్యాయులు ఆ మాట మైకులో చెప్పగానే వరసలన్నీ చెదిరిపోయాయి. ఆ రోజు మొదటి పీరియడ్ జరగలేదు. జరిగిందని రిజిస్టరులో రాశాం.

మాది హోసూరు ప్రాంతంలోని తెలుగు మాధ్యమ పాఠశాల. ఇంట్లో తెలుగు, బడి గేటు దాటితే తమిళం, బస్సెక్కి నలభై కిలోమీటర్లు పోతే బెంగళూరులో కన్నడం. ఈ మూడూ మా పిల్లల నోట ఒకే వాక్యంలో దొర్లుతాయి. చదవడం, రాయడం దగ్గరికి వచ్చేసరికి ఈ ధాటి కనిపించదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో తమిళం అందరికీ తప్పనిసరి పాఠ్యభాష అయింది. తమిళం నేర్చుకోవడం మీద మాకు పేచీ లేదు. ఈ గడ్డ మీద బతుకుతూ దాన్ని వద్దనుకునే పిచ్చివాళ్లం కాదు. తెలుగుకు మిగిలిన పీరియడ్లు తక్కువ, అదే మా ఇబ్బంది. పాఠం ముగించడానికే అవి చాలవు. ఇక పిల్లలు సొంతంగా నాలుగు మాటలు రాసేదెప్పుడు?

ఆ సోమవారం మధ్యాహ్నం పొంగు తగ్గాక ఒక పని చెప్పాం. ‘ఆర్ఆర్ఆర్ సినిమా గురించి పది వాక్యాలు రాయండి’ అన్నాం. తరగతిలో 19 మంది. 19 కాగితాలూ తీసుకుని ఇంటికి పోయి చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదకొండు కాగితాల్లో మొదటి మాట ‘సూపర్’. ఐదింటిలో ‘వేరే లెవెల్’. ఒకడు ‘ఫస్ట్ హాఫ్ బాగుంది, సెకండ్ హాఫ్ కొంచెం ల్యాగ్, బీజీఎమ్ అదిరింది, వన్ టైమ్ వాచబుల్’ అని రాసి కింద మూడుంపావు చుక్కలు గీశాడు. పావు చుక్క ఎలా గీశాడో చూస్తే ముచ్చటేసింది, ఒక కొమ్మ మాత్రమే ఉంది. థియేటర్ బయట మైకులు పట్టుకుని నిలబడే వీడియోల నుంచి నేర్చిన చదువిది. ఆ మాటలు తీసేస్తే పిల్లవాడు చూసింది కాగితం మీద ఏమీ లేదు.

శనివారం ఆఖరి పీరియడ్‌లో సినిమా సమీక్ష రాయించే అలవాటు అలా మొదలైంది.

షరతులు మూడే పెట్టాం. సూపర్, మాస్, అదిరింది, వేరే లెవెల్, బోర్ అనే ఐదు మాటలు వాడకూడదు. నీకు గుర్తున్న ఒక్క సన్నివేశాన్ని, ఆ సినిమా చూడని మీ అవ్వకు చెప్పినట్టు రాయాలి. నచ్చనిది ఒక్కటైనా రాయాలి, ఎందుకు నచ్చలేదో కూడా రాయాలి. మూడో షరతే కష్టమైంది. హీరో సినిమాలో తప్పు వెతకడమంటే వాళ్ల దృష్టిలో ఇంటి గుట్టు బయట పెట్టడమే.

పేరు దగ్గరే ఆగిపోయాం

మొదటి శనివారం సమీక్షలోకి దిగనేలేదు. ‘సినిమా పూర్తి పేరేమిటి?’ అని అడిగాం. ఆర్ఆర్ఆర్ అన్నారు. అది ఇంగ్లీషు అక్షరాలు కదరా, తెలుగు పేరు చెప్పండి అంటే ఒకమ్మాయి లేచి ‘రౌద్రం రణం రుధిరం’ అంది. అర్థం అడిగితే తరగతి నిశ్శబ్దం. కాసేపటికి వెనక బెంచీ నుంచి ఒక గొంతు వినిపించింది: “రణమంటే పుండు కద సార్?”

కొందరు నవ్వారు. నవ్వాల్సింది లేదు, వాడు చెప్పింది తమిళంలో సరైనదే. తమిళంలో రణమంటే గాయం, పుండు. మన వ్రణం అక్కడికి పోయి రణమైంది. తెలుగులో రణం యుద్ధం. ఆ పీరియడ్ అంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. తమిళ పోస్టరు మీద పేరు ‘రత్తం రణం రౌత్తిరం’. కన్నడ పోస్టరు మీద ‘రౌద్ర రణ రుధిర’. మా ఊళ్లో ఈ మూడు భాషలూ చదవగలిగినవాళ్లు ఉన్నారు గనుక మూడు పేర్లూ బోర్డు మీద పక్కపక్కన రాశాం. రుధిరమంటే నెత్తురు అని చెప్పగానే ఒకమ్మాయి, “మా పక్కింటి పాటి ‘ఉదిరం’ అంటుంది సార్, అదేనా?” అంది. అదే. రుధిరమే అక్కడ ఉదిరమైంది. ఎన్నో ఏళ్లుగా తత్సమాలు, తద్భవాలు చెబుతున్నాం. ఆ పాఠం ఇంత సులువుగా ఎక్కడం మేమెప్పుడూ చూడలేదు.

రెండో వారం ఒక విషయం తేల్చుకోవాల్సి వచ్చింది. చాలామంది ‘ఆర్ఆర్ఆర్ సినిమాకు ఆస్కార్ వచ్చింది’ అని రాశారు. వచ్చింది పాటకు. కీరవాణి బాణీకి, చంద్రబోస్ సాహిత్యానికి ‘ఉత్తమ ఒరిజినల్ సాంగ్’ విభాగంలో వచ్చింది. నామినేషన్ వచ్చిందీ ఆ ఒక్క విభాగంలోనే. అంతకుముందు జనవరిలో గోల్డెన్ గ్లోబ్ పోటీలో రెండు విభాగాల్లో నిలబడితే పాట గెలిచింది. ఇంగ్లీషేతర చిత్రాల విభాగంలో మాత్రం ‘అర్జెంటీనా, 1985’ అనే సినిమా గెలిచింది. ఇంకొక సంగతి చెప్పగానే పిల్లల ముఖాలు వాడిపోయాయి. ఆ ఏడాది భారతదేశం తరఫున అధికారికంగా ఆస్కార్‌కు పంపిన సినిమా ఆర్ఆర్ఆర్ కాదు, గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’. అంతర్జాతీయ చిత్రం విభాగానికి ఒక్కో దేశం ఒక్క సినిమానే పంపాలి. ఆ వరసలో ఇప్పటిదాకా మన దేశం నుంచి చివరి ఐదింటిలోకి చేరినవి మూడే: ‘మదర్ ఇండియా’, ‘సలాం బాంబే’, ‘లగాన్’. తెలుగు నుంచి ‘స్వాతిముత్యం’ను పంపారు గానీ అది నామినేషన్ దాకా పోలేదు.

“అయితే మనది గొప్ప కాదా సార్?” అని ఒకడు అడిగాడు. వాడి బాధ మాకు అర్థమైంది, మేమూ అభిమానులమే. అమెరికా వేదిక మీద తెలుగు మాటలు వినిపించినప్పుడు మాకూ ఒళ్లు పులకరించింది. పొరుగు రాష్ట్రంలో తెలుగు బడి నడుపుతున్నవాళ్లకు ఆ పులకరింత ఒక పాలు ఎక్కువే. కాని వచ్చినదాన్ని వచ్చినట్టు రాయడం సమీక్షకు మొదటి మెట్టు. పాటకు వస్తే పాటకు వచ్చిందని రాయాలి.

దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చింది. ఆ ఏడాది పంద్రాగస్టు వ్యాసాల్లో ఒక తెలివైన అమ్మాయి ‘అల్లూరి సీతారామరాజు, కొమరం భీమ్ ప్రాణస్నేహితులు, ఇద్దరూ కలిసి ఢిల్లీలో గవర్నర్ కోటను పేల్చివేశారు’ అని ఎంతో నమ్మకంగా రాసింది. అక్షరదోషం ఒక్కటి లేదు. మన్యంలో తిరుగుబాటు నడిపిన రాజును కాల్చి చంపింది 1924 మే 7న. భీమ్ నిజాం ప్రభుత్వంతో పోరాడుతూ జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. ఇద్దరూ కలిసినట్టు చరిత్రలో లేదు. ఇది తన ఊహ అని దర్శకుడు రాజమౌళి సినిమా తీస్తున్నప్పుడే చెప్పారు. ఆంధ్రా పిల్లలకు, తెలంగాణ పిల్లలకు ఈ ఇద్దరి కథ వేరే దారుల్లోనూ చెవిన పడుతుంది. పాఠ్యపుస్తకం, కూడలిలో విగ్రహం, ఊరి పాట, జయంతి సెలవు, ఏదో ఒకటి ఉంటుంది. మా పిల్లలకు ఆ పేర్లు చేర్చింది ఒక్క సినిమానే. సినిమా తప్ప మరో కిటికీ లేని ఇంట్లో అందులో కనిపించిందే లోకం. ఆ అమ్మాయి వ్యాసానికి మార్కులు వేయకుండా పక్కన పెట్టి, జోడేఘాట్ ఎక్కడుందో పటంలో చూపించమన్నాం. రెండు రోజులు వెతికి చూపించింది. మన్యాన్నీ చూపించింది. ఆ రెండింటి మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి, “సార్, బస్సు లేకుండా ఎట్ల కలుస్తారు?” అని తనే అడిగింది.

మేం చూసిన సినిమాలు

పిల్లల్ని అడిగే ముందు మా సంగతీ చెప్పుకోవాలి. మాకు అవార్డు సినిమా అనే మాట పరిచయమైంది దూరదర్శన్‌తో. ఆదివారం మధ్యాహ్నం బధిరుల వార్తలు అయ్యాక ప్రాంతీయ భాషా చిత్రం వేసేవాళ్లు. ఒక వారం ఒరియా, ఒక వారం మణిపురి, ఒక వారం బెంగాలీ. తెలుగు వంతు ఎప్పుడొస్తుందోనని నెలల తరబడి చూసేవాళ్లం. వీధిలో ఒక్క టీవీ. తెలుగు వంతు రోజున తమిళం వాళ్లు లేచిపోయేవాళ్లు, మాకు చోటు దొరికేది. అలాగే ఒక ఆదివారం బి. నర్సింగరావు ‘దాసి’ చూశాం. హీరో లేడు, ఫైటు లేదు, పాట లేదు. గడీలో ఒక ఆడమనిషి పనిచేస్తూనే ఉంటుంది. మా నాయన పది నిమిషాలు చూసి, “ఇది ఎప్పుడు మొదలవుతుందిరా?” అని అడిగి పడుకున్నాడు. ఆ సినిమాకు అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చిందని తరువాతెప్పుడో తెలిసింది. ఆ రోజు మాకు తెలిసింది ఒక్కటే: తెలుగు ఇలా కూడా మాట్లాడతారా అని. అప్పటిదాకా సినిమా తెలుగంటే కోస్తా తెలుగేనని, మన ఇంట్లో మాట్లాడేది తప్పని అనుకునేవాళ్లం.

అవార్డు సినిమాలు వేరు, ఆడే సినిమాలు వేరు అనే గోడ అప్పుడే మనసులో పడింది. ‘శంకరాభరణం’ గుర్తొచ్చినప్పుడల్లా ఆ గోడ అబద్ధమని తెలుస్తుంది. స్వర్ణకమలం తెచ్చుకుంది, జనాన్నీ థియేటర్లకు రప్పించింది. తమిళనాట తెలుగు రానివాళ్లు కూడా ఆ పాటలు పాడుకున్నారు. 2015 సంవత్సరానికి ‘బాహుబలి’ మొదటి భాగం జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది, ఆ గౌరవం దక్కిన మొదటి తెలుగు సినిమా అదే. అంత డబ్బు వసూలు చేసినదానికి మళ్లీ అవార్డు ఎందుకని అప్పుడు స్టాఫ్ రూములో పెద్ద వాదన జరిగింది. మాలో సగం మంది ఇప్పటికీ ఒప్పుకోరు. ఆ సినిమా చూడ్డానికి బెంగళూరు పోయి నల్లబజారులో టికెట్లు కొన్నవాళ్లు కూడా ఒప్పుకోరు, అది వేరే విషయం.

పుష్ప మన మాదిరే మాట్లాడతాడు

పిల్లలు ఎక్కువ కాగితాలు నింపింది ‘పుష్ప’ మీద. కారణం ఒక్కటే, భాష. చిత్తూరు జిల్లా మాకు పొరుగు. కుప్పం దాటి వస్తే మా తాలూకాలే. పెద్ద హీరో తెర మీద ఆ యాసలో మాట్లాడగా మా పిల్లలు వినడం అదే మొదలు. “సార్, పుష్ప మన మాదిరే మాట్లాడతాడు” అని ఒకడు రాశాడు. అచ్చం మన మాదిరి కాదు, మా మాటలో తమిళం, కన్నడం పాలు ఎక్కువ. అయినా దగ్గరి చుట్టం గొంతు విన్నట్టు ఉంటుంది. అదివరకు ఈ మాట సినిమాలో వినపడితే నవ్వించడానికో, విలన్ పక్కవాడికో. 2021 సంవత్సరానికి ఆ పాత్రకే అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. తెలుగు నటుల్లో అది అందుకున్న మొదటివాడు ఆయనే. నటనకు అవార్డు ఇవ్వడాన్ని మేం సమర్థిస్తాం. భుజం ఎత్తిన ఆ నడకను పిల్లలు బడంతా నడిచి చూపించినా సరే.

కాని మూడో షరతు ఉంది కదా, నచ్చనిది రాయాలి. ఒక్కరూ రాయలేదు. అప్పుడు మేమే ఒక సంగతి చెప్పాం. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో జరిగిన ఎన్‌కౌంటర్‌లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. ఎర్రచందనం నరకడానికి వచ్చారని పోలీసుల మాట. వాళ్లు తిరువణ్ణామలై, ధర్మపురి వైపు కొండ ఊళ్లవాళ్లు. ఆ రెండు జిల్లాలూ మా కృష్ణగిరిని ఆనుకునే ఉన్నాయి. సినిమాలో కూలీ సిండికేటుకు నాయకుడవుతాడు. నిజంలో కూలీ ఏమయ్యాడు? ఇంతే అడిగాం. సినిమా తప్పని మేం చెప్పలేదు. కూలీ గెలిచే కథ చూడాలని మాకూ ఉంటుంది.

మరుసటి వారం ఒకమ్మాయి కాగితంలో ఇలా ఉంది: ‘పుష్ప వెనకాల చెట్లు నరికే వాళ్లు చాలా మంది ఉన్నారు. వాళ్ల పేర్లు సినిమాలో చెప్పలేదు. నేను రెండో సారి చూసినప్పుడు వాళ్లనే చూసినాను.’ ఇంత సూటి సమీక్ష మేం పత్రికల్లో చదివినట్టు గుర్తు లేదు.

‘బలగం’ మాత్రం పిల్లలకు మొదట రుచించలేదు. వేణు ఎల్దండి తీసిన ఆ చిన్న సినిమాను తెలంగాణ పల్లెల్లో ఊరంతా ఒకచోట కూర్చుని తెర కట్టుకుని చూశారు. మా పిల్లలు ఆ యాస అందుకోవడానికి అరగంట పట్టింది. చనిపోయిన ముసలాయనకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోవడం దగ్గర మాత్రం అందరూ ఒక్కసారిగా ముందుకు వంగారు. మా వైపూ కాకి ముట్టకపోతే ఇంటిల్లిపాదీ బెంగ పడతారు. ఆ వారం కాగితాల్లో సినిమా కంటే పిల్లల ఇళ్లల్లోని చావులే ఎక్కువ. ఎవరి మామ ఎవరితో మాట్లాడడో, ఏ గట్టు తగువుతో ఏ ఇల్లు విడిపోయిందో, అంతా రాశారు. అవి ఎవరికీ చూపించకుండా తిరిగి ఇచ్చేశాం.

మా వైపు ఏనుగు

ఆ మార్చి 13న ఆస్కార్ ఇంకొకటి కూడా వచ్చింది. పాట సందడిలో మేం దాన్ని పట్టించుకోలేదు. ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’, ఉత్తమ లఘు డాక్యుమెంటరీ. కార్తికి గొంజాల్వెస్ తీసింది, నిడివి దాదాపు 40 నిమిషాలు. నీలగిరుల్లో ముదుమలై అడవి, తెప్పకాడు ఏనుగుల శిబిరం. కాట్టునాయక తెగకు చెందిన బొమ్మన్, బెల్లి అనే ఇద్దరు తల్లి లేని గున్న ఏనుగు రఘును సాకుతారు. నాటు నాటు మోత తగ్గాక మా సహోపాధ్యాయుడి ల్యాప్‌టాప్‌లో తరగతికి చూపించాం. తమిళం గనుక పిల్లలకు భాష సమస్య కాలేదు.

సినిమా చక్కగా ఉంటుంది. తొందర లేదు. ఆకు మీద పురుగును చూసినంత ఓపికగా ఏనుగును చూస్తుంది. బెల్లి రఘుకు తినిపించే తీరు, పెద్దయ్యాక దాన్ని వేరే మావటికి అప్పగించినప్పుడు ఆ ఇద్దరి ముఖాలు. మాలో ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. పిల్లలు చూసి నవ్వారు.

చూపించే ముందు వాళ్లకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ రఘు దొరికింది మా వైపే. 2017లో హోసూరు అటవీ ప్రాంతంలో కరెంటు తగిలి తల్లి చనిపోతే, ఒంటరిగా మిగిలిన గున్నను తెప్పకాడు తీసుకుపోయారు. సినిమా అయ్యాక ఆ మాట చెప్పగానే తరగతి గోలగా లేచింది. మన ఏనుగుకు ఆస్కార్ వచ్చిందని! ఒక్కడు మాత్రం ఏమీ అనలేదు. డెంకణికోట వైపు ఊరివాడు, రోజూ రెండు బస్సులు మారి వచ్చేవాడు.

ఆ వైపు ఏనుగులంటే బొమ్మల పుస్తకం కాదు. వానలు వెనకబట్టి రాగిచేలు పండే వేళకు బన్నేరుఘట్ట అడవుల నుంచి గుంపులు గుంపులుగా వస్తాయి. ఒక్క రాత్రి గుంపు దిగితే నాలుగు నెలల కష్టం తెల్లారేసరికి ఉండదు. మంచెల మీద కావలి పడుకుంటారు, టపాకాయలు కాలుస్తారు, డబ్బాలు కొడతారు. తొక్కిసలాటలో మనుషులు పోతారు. కొందరు చేనుకు దొంగచాటుగా కరెంటు తీగ కడతారు. అది నేరం. దాంతో ఏనుగులూ పోతాయి, ఒక్కోసారి కట్టినవాడూ పోతాడు.

శనివారం వాడి కాగితం వచ్చింది. ఒక పేజీన్నర. నిషేధించిన మాట ఒక్కటీ లేదు. వాడి మాటల్లోనే కొంత:

‘శిబిరంలో ఏన్గలకు రాగిముద్ద చేసి పెడతారు. మా చేన్లో అదే రాగి తింటే దొంగ ఏన్గ అంటాము. బొమ్మన్ మంచోడు. మా తాత కూడా మంచోడే. సినిమాలో రఘు అమ్మ కరెంటు తగిలి చచ్చిపోయిందని ఒక్క మాట చెప్పి వదిలేసినారు. ఆ తీగ ఎవరు కట్టినారు, ఎందుకు కట్టినారు చూపించలేదు. అది నాకు నచ్చలేదు. మా చేనుకు కూడా ముందు తీగ ఉండె. నేను చిన్నగా ఉన్నప్పుడు. ఒక రాత్రి మా కుక్క తగిలి చచ్చిపోయె. మా తాత పొద్దున్నే తీగ పీకేసె.’

ఆ కాగితం మా దగ్గర రెండు రోజులుంది. వార్షికోత్సవంలో పిల్లలు తమ సమీక్షలు చదవాలని ముందే నిర్ణయించాం. అన్నిటిలోకీ బాగున్నది ఇదే, అందులో ఎవరికీ సందేహం లేదు. భయం వేరే. వేదిక మీద ఊరి పెద్దలుంటారు, అతిథులుగా అధికారులు వస్తారు. మా చేనుకు తీగ ఉండె అని పిల్లవాడు మైకులో చదివితే ఆ ముసలాయన మీదికి ఏం వస్తుందో! మేం నలుగురం కూర్చుని ఆలోచించి చివరి నాలుగు వాక్యాలు ఎర్ర సిరాతో కొట్టేశాం. వాణ్ని పిలిచి, నాన్నా, ఇంతవరకు చదువు చాలు అన్నాం.

వాడు కాగితం తిప్పి చూసుకున్నాడు. “ఇది తీసేస్తే ఇది నేను రాసింది కాదు గద సార్” అన్నాడు. కోపంగా కాదు, లెక్క తప్పు చూపించినట్టుగా.

దానికి మా దగ్గర జవాబు లేదు. ఆరు నెలలుగా శనివారం శనివారం మేం అడిగింది అదే: నువ్వు చూసింది రాయి, నచ్చనిది రాయి, ఎందుకో రాయి. రాసి తెచ్చాక ఎర్ర సిరా తీసుకున్నది మేమే. చివరికి, మీ తాతను అడిగి రా, ఆయన సరేనంటే చదువు అన్నాం. బాధ్యత ఆయన మీదికి నెట్టి తప్పించుకున్నామని ఇప్పుడు అనిపిస్తోంది.

సోమవారం ఆయనే వచ్చాడు. తెల్ల పంచె, భుజాన కంబళి, చెప్పులు గడప బయటే విడిచాడు. కూర్చోమంటే కూర్చోలేదు. “అయ్యవారూ, మా పిల్లోడు ఏందో రాసినాడంట, నన్ను అడగమన్నారంట. నాకు సదువు రాదు. సదివి చెప్పండి” అన్నాడు. మనవడే చదివాడు. కొట్టేసిన నాలుగు వాక్యాలు కూడా, ఎర్ర గీతల కిందనుంచే చదివాడు. కుక్క మాట రాగానే ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. అయిపోయాక కాసేపు ఊరకే ఉన్నాడు.

“అది మంచి కుక్క అయ్యవారూ” అన్నాడు. “సదవనీండి. ఊరికంతా తెలిసిందే గదా.”

వాడు వార్షికోత్సవంలో మొత్తం చదివాడు. పెద్దగా చప్పట్లేమీ రాలేదు. ఆ తరువాత నాటు నాటు డాన్సుకు వచ్చిన ఈలలతో పోలిస్తే అసలు రానట్టే. అధికారులెవరూ ఏమీ అనలేదు. అప్పటికే భోజనాల వేళ అయింది.

కార్యక్రమం ముగిసి కుర్చీలు సర్దుతుంటే ఆ పెద్దాయన మళ్లీ దగ్గరికి వచ్చాడు. “ఆ గున్న ఇప్పుడు యాడుంది?” అని అడిగాడు. తెప్పకాడులోనే ఉందని, పెద్దదయిందని మనవడే చెప్పాడు.

“రాగిముద్ద పెడతా ఉండారా?”

“పెడతారు తాతా.”

ఆయన తల ఊపి, చివరి బస్సు ఎన్నింటికని అడిగాడు.